తీసిపెట్టిన బిళ్ళ

కోడలు అనకూడని మాట అనేసింది. "నువ్వే కావాలని చెడగొట్టావు" అంది మొగుణ్ణి. అదీ పొద్దున్నే, తను రాత్రి డ్యూటీ దిగి వచ్చి చెప్పులైనా విప్పకముందే. అతను తాగుతున్న టీ గ్లాసు సగంలోనే వంటింటి గట్టు మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని బస్సు డిపోకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. ఆ గ్లాసు ఇంకా గట్టు మీదే ఉంది. టీ మీద తొరక కట్టింది. దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

చెడిందల్లా ఒక ల్యాప్‌టాప్. కాని దాని మీదే ఆమె బతుకంతా కూర్చుని ఉంది. ఆమె నర్సు. రేపు పొద్దున హెడ్ నర్సు పరీక్ష. ఇంట్లోనే, తన మిషన్ ముందే కూర్చుని రాయాలి. ఎదురుగా కెమెరా చూస్తూ ఉంటుంది. ఏ మిషన్ మీద రాస్తారో ముందే చెప్పి నమోదు చేయించుకోవాలి. ఆమె చేయించుకుంది. మార్చుకునే గడువు దాటిపోయింది. వయసు గడువు కూడా ఈ సారితో సరి. ప్యాసైతే రాత్రి డ్యూటీలుండవు. తప్పితే నడుము వంగేదాకా రాత్రి డ్యూటీలే.

పరీక్ష వాళ్ళ ప్రోగ్రాం పాత సిస్టం మీద నడవనని మొరాయించింది. అందుకని ఉన్నది తుడిచేసి కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించమని మొగుడికి చెప్పి ఆమె డ్యూటీకి వెళ్ళింది. అతను నిన్న సాయంత్రం కూర్చుని పాతదాన్ని తుడిచేశాడు. కొత్తది సగంలో ఆగిపోయింది. పొద్దున ఆమె వచ్చి చూసేసరికి తెర మీద ఒకే ఒక్క వాక్యం. ఈ ఫైళ్ళను సరిచూడటం కుదరలేదు, ఇవి పాడైనవి కావచ్చు, అని. పాతది లేదు, కొత్తది రాలేదు. మిషన్ ఎటూ కాకుండా మధ్యలో నిలబడిపోయింది.

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. ప్యాసైన వాళ్ళని పెద్దాసుపత్రికి వేస్తారు. అది వేరే ఊళ్ళో ఉంది. బస్సు డిపో వాళ్ళు డ్రైవర్లను ఊరు మార్చరు. "రాయి, ఎవరు వద్దన్నారు" అని అతను ఎన్నిసార్లు అన్నాడో, అన్నిసార్లూ మొహం గోడ వైపు తిప్పుకునే అన్నాడు.

నిద్ర లేదు. కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. కాళ్ళు పీకుతున్నాయి. యూనిఫాం మార్చుకునే ఓపిక కూడా లేక, ఛాతీ మీద తలకిందులుగా వేలాడే గడియారంతో సహా అలాగే మంచం అంచున కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద మిషన్.

పక్కన ఆడపడుచు. మొగుడికి అక్క. బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఫోన్ ఎత్తే ఉద్యోగం. మిషన్ తిరగట్లేదు, నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు చేస్తోంది అంటూ రోజంతా జనం ఆమె చెవిలో ఏడుస్తారు. ఆమె ఓపిగ్గా, అండీ అండీ అంటూ బాగు చేయిస్తుంది. ఆ ఓపికంతా ఆఫీసులోనే అయిపోతుంది కాబట్టి ఇంటికి మిగలదు. మరదలు ఫోన్ చేసి ఏడిస్తే సెలవు పెట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే, ఇదేనా మీ పేషెంటు అని అడిగింది.

ఇద్దరూ కలిసి చేయవలసినవన్నీ చేశారు. కొత్త సిస్టం ఉన్న పెన్‌డ్రైవ్ పాడై ఉంటుందని, వదిన బయల్దేరేముందే తన ఆఫీసు కంప్యూటర్‌లో మళ్ళీ దించి వేరే పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. అది పెట్టారు. అదే వాక్యం. ఎడమ పక్క రంధ్రంలోంచి తీసి కుడి పక్క రంధ్రంలో పెట్టారు. అదే వాక్యం. వీధి చివర కంప్యూటర్ షాపతనికి చూపించుకొచ్చారు. అతను రెండు మీటలు నొక్కి, లోపల డిస్క్ పోయిందమ్మా, వదిలేసి వెళ్ళండి, ఎల్లుండి కనుక్కోండి అన్నాడు. రేపు పరీక్ష అని ఆమె చెప్పింది. అతను చాలా జాలి చూపించాడు. జాలి చూపిస్తూనే ఎల్లుండి అన్నాడు.

"ఇవాళ పోయేవాళ్ళని కూడా మేం ఎలాగో రేపటిదాకా లాక్కొస్తాం" అంది కోడలు దారిలో.

"మీ ఆసుపత్రి జోకులు నాకు వద్దు నర్సమ్మా." అంది వదిన.

ఇంటికి వచ్చాక వదిన చీర కొంగు నడుముకి దోపింది. ఇక ఆఫీసు పద్ధతిలోనే చేద్దామంది. ఆమె పద్ధతి ఒకటే. మిషన్‌ని తను చూడదు. చూస్తే బుర్ర పని చేయదట, చెవికి వింటేనే తెలుస్తుందట. మరదల్ని మిషన్ ముందు కూర్చోబెట్టి, తను మాత్రం గోడ వైపు తిరిగి కుర్చీలో కూర్చుంది. ఫోన్‌లో కస్టమర్ చెప్పేది వింటున్నట్టు కళ్ళు మూసుకుంది.

"కస్టమర్ అబద్ధం ఆడడు. అలాగని మొత్తం చెప్పడు. తనకి అక్కర్లేదనిపించింది మింగేస్తాడు. మన రోగమంతా అక్కడే ఉంటుంది. నువ్వు మాత్రం ఏదీ మింగకు. తెర మీద ఏముంటే అది, పై నించి కింది దాకా చదువు."

అది కోడలికి కొత్త కాదు. డ్యూటీ మారేటప్పుడు వార్డులో ఒక్కో మంచం దగ్గరా నిలబడి, వచ్చే నర్సుకి అంతా అప్పజెప్పాలి. జ్వరం ఎంత, నీళ్ళు ఎన్ని పోయాయి, ఏ మందు ఎప్పుడు ఇచ్చాం. ఏదీ వదలకూడదు. అలాగే అప్పజెప్పడం మొదలుపెట్టింది. మిషన్ ఆపి మళ్ళీ పెట్టి, వదిన చెప్పిన మీట నొక్కి పట్టుకుంటే నీలం రంగు పేజీ ఒకటి వచ్చింది. సిస్టం ఏదీ లేకపోయినా మిషన్ తన గురించి తాను చెప్పుకునే పేజీ అది.

కంపెనీ పేరు చదివింది. మిషన్ నంబరు చదివింది. మెమరీ ఎంతో చదివింది. డిస్క్ ఉందని, దాని పేరు, దాని సైజు చదివింది.

వదిన కళ్ళు తెరవకుండానే నవ్వింది. పోయిందన్న డిస్క్ పేరూ ఊరూ చెప్పుకుంటోందంటే ఆ షాపతను పేషెంటుని చూడకుండానే చీటీ రాశాడన్నమాట, అంది. కోడలికి ఒక్క నిమిషం ఊపిరి ఆడింది. ఆ తర్వాత ఫ్యాను వేగం చదివింది. బ్యాటరీ దగ్గర లేదు అని ఉంటే అదీ చదివింది. పెద్ద బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మిషన్ ఛార్జర్ వైరు మీదే బతుకుతోంది. అది కొత్త సంగతి కాదు. చివరికి, అయిపోయింది వదినా అంది.

"కాలేదు. మధ్యలో ఆగావు. ఒక లైను మింగావు."

"ఏం మింగలేదు."

"మెమరీ తర్వాత గుటక వేశావు. పదేళ్ళ నించి ఫోన్‌లో గుటకలు వింటున్నాను. ఏముందక్కడ?"

కోడలు మళ్ళీ చూసింది.

"ఏం లేదు. గడియారం."

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ముందు గది గడియారాల రిపేరు షాపు. వెనక గదీ వంటిల్లూ కాపురం. మావయ్య, అంటే ఆమె మొగుడి తండ్రి, ఆ ముందు గదిలో కుడి కంటికి భూతద్దం తగిలించుకుని జీవితమంతా కూర్చున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దంగారు అనే అంటారు. గోడల నిండా గడియారాలు. రిపేరుకి వచ్చినవి, అయిపోయి వెళ్ళవలసినవి, ఎవరూ అడగడానికి రానివి. ఒకటి మూడు అంటే ఒకటి తొమ్మిది అంటుంది. ఒకటి వెనక్కి తిరుగుతుంది. ఆ ఇంట్లో గోడ వైపు చూసి టైము చెప్పేవాళ్ళు లేరు. పిల్లప్పుడే ఆడపడుచుకీ ఆమె తమ్ముడికీ ఆ అలవాటు పోయింది. పెళ్ళయి వచ్చాక కోడలికీ పోయింది. గడియారం తప్పు చూపిస్తే బయటి వాళ్ళకి అది వింత. ఆ ఇంట్లో అది గోడకి సున్నం లాంటిది. కంటికి ఆనదు. వాళ్ళు నమ్మేది ఒక్కదాన్నే. కోడలి ఛాతీ మీద తలకిందులుగా వేలాడేదాన్ని. దాన్ని మావయ్య తన చేత్తో సరిచేస్తాడు. నాడి చూసే మనిషి గడియారం తప్పకూడదని ఆయన పట్టుదల.

అందుకే నిన్న సాయంత్రం మొగుడూ చూడలేదు. పొద్దున్నించి వీళ్ళిద్దరూ చూడలేదు. చూసినా కనపడలేదు.

వదిన కళ్ళు తెరిచింది. అప్పజెప్పమంది. కోడలు తేదీ చదివింది. నెల చదివింది. సంవత్సరం దగ్గర ఆగి, మళ్ళీ చదివింది.

"ఈ తేదీకి నాకు పెళ్ళే కాలేదు వదినా."

"అయితే నేను నీకు వదినని కూడా కాను. ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో మంచం మీద కూర్చున్నావు?"

ఇద్దరూ నవ్వారు. పొద్దున్నించి అదే మొదటి నవ్వు. నవ్వాక నీరసం ఇంకా ఎక్కువైంది.

తేదీ తప్పితే సిస్టం ఎక్కకపోవడం ఏమిటో వదినకి సరిగ్గా తెలియదు. ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేసి అడిగింది. ఆ ఫైళ్ళ మీద తయారు చేసినవాళ్ళ ముద్ర ఉంటుందనీ, ముద్ర మీద తేదీ ఉంటుందనీ, మిషన్ తన తేదీతో దాన్ని పోల్చుకుంటుందనీ అతను చెప్పాడు. వదిన అది మరదలికి చెప్పబోతే, మరదలికి అప్పటికే అర్థమైపోయింది. వచ్చే ఏడాది తయారైనట్టు అట్ట మీద ఉన్న మందుని తను ఏ రోగికీ ఇవ్వదు. దొంగ మందని పక్కన పెడుతుంది. మిషన్ చేసిందీ అదే. ఫైళ్ళు పాడవలేదు. మిషన్ ఉన్న రోజుకి ఆ ఫైళ్ళు ఇంకా పుట్టలేదు, అంతే.

తేదీ సరిచేశారు. ఛాతీ మీది గడియారం చూసి టైము సరిచేశారు. పెన్‌డ్రైవ్ పెట్టారు. ఈసారి ఆ వాక్యం రాలేదు. సన్నటి గీత ఒకటి తెర కింద మొదలై మెల్లగా కుడి వైపుకి పాకింది. కోడలు దాన్ని సెలైన్ చుక్కల్ని చూసినట్టు చూస్తూ కూర్చుంది. గీత సగం దాకా వచ్చింది. మిషన్ అడుగు కాలిపోతోందని వదిన దాన్ని ఎత్తి, స్టూలు మీద ఎండ పడని వైపు జరపబోయింది. వైరు ప్లగ్గులోంచి ఊడింది.

తెర నల్లబడింది.

ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఓపిక ఉండాలి కదా. వదిన మాత్రం, మా కంపెనీలో అయితే నన్ను ఈ పాటికి తీసేసేవాళ్ళు అంది. కోడలు వైరు మళ్ళీ పెట్టి మీట నొక్కింది. మొదటి నించీ మొదలుపెట్టారు. ఈ ఫైళ్ళను సరిచూడటం కుదరలేదు, అంది మిషన్.

నీలం పేజీకి వెళ్ళి చూస్తే తేదీ మళ్ళీ పెళ్ళికి ముందుకి వెళ్ళిపోయింది.

కోడలు మొహం కడుక్కుని వచ్చింది. తువ్వాలుతో తుడుచుకుంటూ ఆలోచించింది. వార్డులో ఇలాంటి రోగులుంటారు. మెలకువగా ఉన్నంతసేపూ అన్నీ తెలుస్తాయి. ఒక కునుకు తీసి లేస్తే పేరు కూడా గుర్తుండదు. ఇదీ అంతే. కరెంటు ఉన్నంతసేపు గుర్తుంటుంది, ఊడితే మరిచిపోతుంది. మరి ఇన్నాళ్ళూ ఎలా గుర్తుంచుకుంది? ఛార్జర్ తీసేసి బీరువాలో పెట్టిన రోజులు ఎన్ని లేవు. అప్పుడు పోని తేదీ ఇప్పుడెందుకు పోతోంది?

వదిన ఆఫీసతనికి మళ్ళీ ఫోన్ చేసింది. లోపల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది మేడమ్, బిళ్ళలా ఉంటుంది, మిషన్ నిద్రపోతున్నా గడియారాన్ని అదే నడుపుతుంది, అది అయిపోయి ఉంటుంది అన్నాడు. వెనక మూత విప్పి చూడమన్నాడు.

స్క్రూడ్రైవర్ కోసం కోడలు ముందు గదిలోకి వెళ్ళింది. మావయ్య భూతద్దంతో చేతి గడియారం పొట్టలోకి చూస్తున్నాడు. తల ఎత్తలేదు. సన్న స్క్రూడ్రైవర్ కావాలంటే, ఎందుకు అని అడక్కుండా, ఎడమ చేత్తో తడిమి తీసి ఇచ్చాడు. ఆయన మాట్లాడే మాటలు లెక్కపెట్టుకోవచ్చు. కొడుకు పొద్దున వెళ్ళిపోయినప్పుడు ఆ ముందు గదిలోంచే వెళ్ళాడు. తండ్రి అప్పుడూ భూతద్దం తీయలేదు.

వెనక మూత విప్పారు. లోపలంతా దుమ్ము. ఫ్యాను పక్కన రూపాయంత గుండ్రటి గూడు ఉంది.

గూడు ఖాళీగా ఉంది.

బ్యాటరీ అయిపోలేదు. అసలు లేనే లేదు. ఎవరో తీశారు. దానంతటది ఊడిపడే తీరులో లేదు, గూటికి గట్టి రేకు పట్టు ఉంది. తీసినవాళ్ళు గీత పడకుండా, రేకు వంగకుండా తీశారు. చుట్టుపక్కల దుమ్ము కూడా తుడిచారు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ముందు గది వైపు చూశారు.

మావయ్య బల్ల మీద గాజు సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నిండా బిళ్ళ బ్యాటరీలు. ఆగిపోయిన గడియారం ఏది చేతికొచ్చినా, ఇక కొన్నాళ్ళు ఎవరూ పెట్టుకోరని తెలిస్తే, ముందు దాని బ్యాటరీ తీస్తాడు. లేకపోతే అందులోంచి రసం కారి లోపలి పళ్ళ చక్రాల్ని తినేస్తుంది. ఆయన అది ఆలోచించి చేయడు. పడుకునే ముందు దీపం ఆర్పినట్టు చేస్తాడు. ఇంట్లో టార్చి లైటుకి తీశాడు. గోడ మీది కేలెండర్ గడియారానికి తీశాడు. మనవడి, అంటే వదిన కొడుకు, బొమ్మ కారుకి తీసి, వాడు రోజంతా ఏడిస్తే మళ్ళీ పెట్టాడు.

వదిన గుమ్మంలోంచే అడిగింది.

"నాన్నా. ల్యాప్‌టాప్ బిళ్ళ నువ్వు తీశావా?"

"ఆఁ."

అంతే. సీసా మూత తీసి, బల్ల మీద గుడ్డ పరిచి, ఒంపి, అన్నీ ఒకేలా ఉన్న బిళ్ళల్లోంచి ఒకదాన్ని చిటికెలో ఏరి పక్కన పెట్టాడు. రసం కారుతుందమ్మా మరి, అన్నాడు. ఆయనకి తను చేసింది తప్పని తోచలేదు. నిజానికి ఆయన పద్ధతిలో అది తప్పు కూడా కాదు. ఆ పద్ధతి ఆ ఇంటి గోడలకి సరిపోయినట్టు ఆ మిషన్‌కి సరిపోలేదు, అంతే.

వదిన వంటింట్లోకి వెళ్ళి కాసేపు వెనక్కి తిరిగి నిలబడింది. ఏడుస్తోందేమో అనుకుంది కోడలు. నవ్వుతోంది. నోరు మూసుకుని, భుజాలు ఊగేలా నవ్వుతోంది. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక సెలవు, ఒక పెళ్ళాం మొగుళ్ళ పోట్లాట, అన్నీ కలిపి నాన్న సీసాలో ఉన్నాయి, అంది.

బిళ్ళ గూట్లో పెట్టారు. మూత బిగించారు. తేదీ సరిచేశారు. ఈసారి వైరు ఊడదీసి, కాసేపాగి, మళ్ళీ పెట్టి చూశారు. తేదీ నిలిచింది. పెన్‌డ్రైవ్ పెట్టారు. గీత మొదలైంది. మిషన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఎండ పడితే వదిన అట్ట అడ్డం పట్టుకుని నిలబడింది.

గీత పాకుతుంటే కోడలికి పొద్దుటి మాట గుర్తొచ్చింది. నువ్వే కావాలని చెడగొట్టావు. అతను ఆ టీ గ్లాసు గట్టు మీద పెట్టిన తీరు గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా పెట్టాడు. కోపంగా ఉన్న మనిషి అలా పెట్టడు. అతను పాపం నిన్న ఇదే వాక్యం ముందు, ఇదే స్టూలు ముందు, ఒక్కడూ కూర్చుని ఎంత తంటాలు పడి ఉంటాడు. రూటు మీద బస్సు నడిపి వచ్చిన ఒళ్ళు. తను వచ్చీ రాగానే దొంగతనం అంటగట్టినట్టు అంటగట్టింది.

ఫోన్ తీసింది. అతను డ్యూటీలో ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెట్టింది. తప్పు నాది. మావయ్య చెప్పారు. నీదేం లేదు. ఇంటికి రా. అని నాలుగు ముక్కలు. పంపేశాక ఒళ్ళు తేలికైంది. పొద్దున్నించి కదలని గట్టు మీది గ్లాసు తీసి, తొరక పారబోసి కడిగింది. ముగ్గురికీ టీ పెట్టింది.

మావయ్య గ్లాసు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. గ్లాసు అందిస్తూ ఊరికే అడిగింది. నర్సు కదా, ఏది జరిగినా ఎప్పుడు జరిగింది అని అడక్కుండా ఉండలేదు.

"ఎప్పుడు తీశారు మావయ్యా అది?"

ఆయన భూతద్దం కంటి నించి తీశాడు. అది తీస్తే ఆయన కుడి కన్ను చుట్టూ ఎర్రటి రింగు ఉంటుంది.

"మొన్న. వాడిచ్చినప్పుడు."

"ఎవరు?"

"నీ మొగుడు. ఇది ఇక లోపల పెట్టెయ్ నాన్నా, దీంతో పని లేదన్నాడు. అది పరీక్ష మానుకుందన్నాడు." టీ ఒక గుక్క తాగాడు. "నువ్వు మానుకున్నావనే నేను బిళ్ళ తీశాను. లేకపోతే ఎందుకు తీస్తానమ్మా."

కోడలు మొన్నటి రోజు లెక్క చూసుకుంది. మొన్న ఆమె డ్యూటీ ముగించి వచ్చి, సాయంత్రం దాకా పుస్తకాల్లో పరీక్ష పాఠాలు చదువుకుంది. మొగుడు పక్కనే కూర్చుని, అన్నం తినలేదేం అని కూడా అడిగాడు. మానుకుంటానని ఆమె ఎవరితోనూ అనలేదు. నిద్రలో కూడా అనలేదు.

"మరి నిన్న?" అంది.

"నిన్న మళ్ళీ వచ్చి ఇమ్మన్నాడు. ఇచ్చాను. బిళ్ళ సంగతి అడగలేదు. నేను చెప్పలేదు." ఆయన ఇంకా ఏదో చెప్పాలా వద్దా అని చూసుకుంటున్నట్టు గోడ మీది గడియారాలన్నిటినీ ఒకసారి చూశాడు. "వాడి మొహం బాగాలేదు నిన్న."

లోపలి గదిలోంచి వదిన పిలిచింది. ఎక్కిపోయింది, రా, రా అని. ఆ గొంతులో పండగలాంటి సంతోషం ఉంది. కోడలు వెళ్ళింది. తెర తెల్లగా, కొత్తగా ఉంది. మధ్యలో ఒక పెట్టె. ఈ మిషన్ వాడేవారి పేరు ఏమిటి, అని అడుగుతోంది. ఇదివరకు అక్కడ అతని పేరు ఉండేది. వదిన, కొట్టు, నీ పేరే కొట్టు, అంది. తర్వాత మరదలి మొహం చూసి మాట ఆపేసింది.

కోడలు కూర్చుంది. తన పేరు కొట్టింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ, మందు డోసు కొలిచినట్టు కొట్టింది. ముందుకి అని ఉన్నచోట నొక్కింది.

ఫోన్ మోగింది. మెసేజ్. అతనిదే.

నాన్న అంతా చెప్పేశాడా? మిగతాది నేను వచ్చి చెప్తాను. దార్లో ఉన్నాను. నేనొచ్చేదాకా ఆ పరీక్ష పేజీ తెరవకు.

ఆమె రెండోసారి చదివింది. నాన్న అంతా చెప్పేశాడా. అంటే మావయ్య చెప్పిందంతా కాదన్నమాట. ఇంకా ఉంది. ఆయన గోడ వైపు చూసి మింగింది ఏదో ఉంది. వదిన ఫోన్‌లోకి తొంగి చూసింది. చూసి, అట్ట ముక్కని మెల్లగా మంచం మీద పెట్టింది.

"వాడు రానీ" అంది వదిన. "ఒక్క అయిదు నిమిషాలు. తెరవకు."

"నీకు తెలుసా వదినా?"

వదిన గుటక వేయడం కోడలికి వినపడింది.

ఇంతసేపూ ఒళ్ళంతా పాకిన అలసట ఒక్కచోటికి చేరి గట్టిపడ్డట్టైంది. కోడలు ఛాతీ మీది గడియారం ఎత్తి చూసుకుంది. సాయంత్రమైంది. పరీక్ష వాళ్ళ పేజీ తెరిచింది. నమోదు నంబరు ఆమెకి కంఠతా వచ్చు. కొట్టింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

ముందు గదిలో సగం దించి ఉన్న షట్టరు గరగరా పైకి లేచింది. మావయ్య కుర్చీ జరిగిన చప్పుడు. "ఆగరా" అన్నాడు ఆయన కొడుకుతో. "లోపలికి వెళ్ళకు. ముందు నాతో చెప్పు, ఎందుకు చేశావు?"

చక్రం తిరగడం ఆగింది. పేజీ తెరుచుకుంది.

ఆమె పేరు ఉండవలసిన చోట ఆమె పేరే ఉంది. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆమె అది అప్పజెప్పినట్టు, ఏదీ మింగకుండా, పైకే చదవడం మొదలుపెట్టింది. "మీరు కోరినందువల్ల ఈ పరీక్షకు మీ నమోదు రద్దు చేయడమైనది."